మనోసాంఘిక వికాస దశలు: పసితనం నుంచి వృద్ధాప్యం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ చెప్పిన ఎనిమిది దశల గురించి పిల్లల్ని పెంచేవాళ్లు అడుగుతారు, మనోవిజ్ఞానం చదివే విద్యార్థులు అడుగుతారు, నడివయసులో ఆగి వెనక్కి చూసుకునేవాళ్లూ అడుగుతారు. అడిగే మనుషులు వేరైనా సందేహాలు మాత్రం దాదాపు అవే. చాలా ప్రశ్నల వెనక ఒకటే భయం ఉంటుంది: ఫలానా వయసులో ఏదో పొరపాటు జరిగింది, ఇక అంతేనా అని. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ఏ జవాబైనా విడిగా చదివినా అర్థమవుతుంది.

## ముందుగా వచ్చే సందేహాలు

ఆ ఎనిమిది దశలూ వరసగా ఒక్కసారి చెబుతారా?

శైశవంలో నమ్మకం, అపనమ్మకం. సుమారు ఏడాదిన్నర నుంచి మూడేళ్ల వరకు స్వతంత్రత ఒకవైపు, సిగ్గు, సందేహం మరోవైపు. మూడు నుంచి ఆరేళ్ల వరకు చొరవ, అపరాధ భావం. ఆరు నుంచి పన్నెండేళ్ల వరకు శ్రమశీలత, న్యూనత. కౌమారంలో గుర్తింపు (నేనెవరన్న స్పష్టత), పాత్ర సందిగ్ధం. యౌవనంలో సాన్నిహిత్యం, ఏకాకితనం. నడివయసులో ఉత్పాదకత (తర్వాతి తరానికి పనికొచ్చేది పెంచడం), స్తబ్ధత. వృద్ధాప్యంలో సమగ్రత, నిరాశ. ఒక్కో దశను మొత్తమ్మీద బాగా గడిపితే మనిషికి ఒక్కో బలం చేకూరుతుందని ఎరిక్సన్ అన్నారు. అవి వరసగా ఆశ, సంకల్పం, లక్ష్యం, సామర్థ్యం, నిబద్ధత, ప్రేమ, సంరక్షణ, వివేకం. ఈ ఎనిమిది దశలనూ ఆయన 1950లో వచ్చిన ‘చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ’లో వివరించారు.

ఒక దశలో ఫెయిలైతే తర్వాతవన్నీ చెడిపోయినట్టేనా?

కాదు. ఇది మెట్టు మెట్టుకీ మార్కులు వేసే పరీక్ష కాదు. ప్రతి దశనూ ఎరిక్సన్ రెండు శక్తుల మధ్య పెనుగులాటగా చూశారు. వాటిలో ఒకటి పూర్తిగా గెలిచి రెండోది మాయమవ్వాలని ఆయన అనలేదు. మంచి వైపు కాస్త మొగ్గు ఉంటే చాలు. పైగా ఈ ఎనిమిది ప్రశ్నలూ జీవితమంతా మనతోనే ఉంటాయి, ఒక్కో వయసులో ఒక్కోటి ముందుకొస్తుంది. ఉద్యోగం పోయిన నలభై ఏళ్ల మనిషిలో న్యూనత మళ్లీ తలెత్తుతుంది. దగ్గరివాళ్ల చేతిలో మోసపోతే ముప్ఫై ఏళ్లకైనా నమ్మకం మళ్లీ మొదటికొస్తుంది. ముందరి దశ బలహీనంగా గడిస్తే తర్వాతది కష్టమవుతుందన్నది నిజమే. కష్టమవడం వేరు, అసాధ్యమవడం వేరు.

వయసుల అంకెలు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఎందుకున్నాయి? ఏది రాయాలి?

ఎరిక్సన్ దశలను ఎక్కువగా జీవితభాగాలతోనే గుర్తించారు: పసితనం, ఆటల వయసు, బడి వయసు, కౌమారం, ఇలా. కచ్చితమైన అంకెలు చాలావరకు పాఠ్యపుస్తకాలు సౌలభ్యం కోసం చేర్చినవి. అందుకే యౌవన దశ ఒకచోట 18 నుంచి 40 వరకు ఉంటే, మరోచోట 20 నుంచి 35 వరకే ఉంటుంది. పరీక్షకైతే మీ పాఠ్యపుస్తకంలో ఉన్నదే రాయండి. జీవితానికైతే అంకెలను పక్కన పెట్టి వరసను చూడండి.

ఫ్రాయిడ్ దశలకీ వీటికీ తేడా ఏంటి?

మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ దృష్టి శారీరక వాంఛల మీద ఉంది, ఆయన దశలు యౌవనారంభంతో ముగుస్తాయి. ఎరిక్సన్ దృష్టి మనిషికీ చుట్టూ ఉన్నవాళ్లకీ మధ్య సంబంధం మీద ఉంది, ఆయన దశలు చివరి శ్వాస దాకా సాగుతాయి. ఎరిక్సన్ వియన్నాలో ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ దగ్గర శిక్షణ పొందినవారే. 1933లో అమెరికా వెళ్లాక సూ, యూరోక్ అనే రెండు స్థానిక తెగల్లో పిల్లల పెంపకాన్ని దగ్గరగా చూశారు. ఒక సమాజం తన పిల్లల నుంచి ఏం కోరుతుందో దాన్నిబట్టి పెంపకం రూపు దిద్దుకుంటుందని గ్రహించారు. ‘సాంఘిక’ అన్న భాగం అక్కడే బలపడింది.

## పుట్టిన దగ్గర్నుంచి ఏడాదిన్నర దాకా

ఏడ్చిన ప్రతిసారీ ఎత్తుకుంటే బాబు చెడిపోతాడంటున్నారు. నిజమా?

మొదటి నెలల్లో ఆ భయం అక్కర్లేదు. ఆ వయసు బిడ్డకు ఏడుపు ఎత్తుగడ కాదు, తనకున్న ఒకే ఒక్క మాట. ఆకలి, తడి, నొప్పి, భయం, అన్నిటికీ అదే. పిలిస్తే ఎవరో ఒకరు వస్తారన్న అనుభవం వందల సార్లు పోగుపడితే, లోకం నమ్మదగినదన్న భావన మాటలు రాకముందే లోపల కుదురుకుంటుంది. 1972లో సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ ప్రచురించిన పరిశీలనలో, ఏడిస్తే వెంటనే స్పందించిన తల్లుల బిడ్డలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చారని తేలింది. దాని మీద తర్వాతి పరిశోధకుల్లో వాదన నడిచింది. అయినా పసిబిడ్డకు స్పందించడం వల్ల బిడ్డ పాడవుతుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు. నెలలు గడిచేకొద్దీ కొన్ని క్షణాలు ఆగడం బిడ్డకు తనంతట వస్తుంది. మీరు వస్తారని తెలుసు కాబట్టే ఆగగలుగుతుంది.

కాన్పయ్యాక ఆర్నెల్లు డిప్రెషన్‌లో ఉన్నాను. పాపను సరిగా చూసుకోలేదు. తనలో నమ్మకం దెబ్బతినేసిందా?

ఈ ప్రశ్న అడిగే తల్లులకు ముందుగా ఒక మాట: అది జబ్బు, మీ తప్పు కాదు. ఇక పాప సంగతి. నమ్మకం ఒక్క మనిషి వల్లే, ఒక్క ఆర్నెల్లలోనే తయారయ్యేది కాదు. ఆ రోజుల్లో పాపను ఎత్తుకున్న నాన్న, అమ్మమ్మ, ఇంకెవరైనా, అందరూ అందులో భాగమే.

ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనోవిజ్ఞాని 1970ల్లో ఒక ప్రయోగం చేశారు. తల్లి కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డను చూస్తుంది. బిడ్డ నవ్వి, చేతులు చాచి, ఆమెను మళ్లీ తనవైపు తిప్పుకోవాలని చూస్తుంది. కుదరకపోతే కుంగిపోతుంది. ఇక్కడిదాకానే చాలామందికి తెలుసు. ఆ పరిశోధనల నుంచి వచ్చిన రెండో విషయం ఇంకా ముఖ్యం. మామూలు తల్లీబిడ్డల మధ్య కూడా తాళం తప్పే క్షణాలు చాలా ఎక్కువ. తప్పిన తాళం మళ్లీ కలవడమే బిడ్డకు ధైర్యమిస్తుంది. మీరు కోలుకుని పాపతో మాట్లాడుతూ, ఆడుతూ ఉంటే ఆ కలయిక ఇప్పుడు జరుగుతున్నట్టే. దిగులు ఇంకా తగ్గకపోతే వైద్యం తీసుకోండి. అది మీకోసమూ, పాపకోసమూ.

అపనమ్మకం అసలు లేకుండా పెంచడమే మంచిదా?

కాదు. కొత్తవాళ్లను చూసి వెనక్కి తగ్గడం, ప్రమాదాన్ని పసిగట్టడం కూడా బిడ్డకు కావాలి. ఎనిమిది నెలల ప్రాంతంలో కొత్త ముఖం చూసి ఏడవడం ఎదుగుదలలో భాగమే. అందరినీ గుడ్డిగా నమ్మే మనిషి లోకంలో నిలబడలేడు.

## ఏడాదిన్నర నుంచి మూడేళ్లు

రెండేళ్లవాడు అన్నిటికీ "వద్దు", "నేనే" అంటున్నాడు. మొండితనమేనా?

తనకో ఇష్టం ఉందని వాడు కనిపెట్టిన రోజులివి. నడక వచ్చింది, చేయి పట్టు చిక్కింది, ‘వద్దు’ అన్న మాటకు ఎంత బలముందో తెలిసింది. ఎరిక్సన్ లెక్కలో ఇది స్వతంత్రత వైపు వేసే అడుగు. అలాగని అన్నీ వదిలేయమని కాదు. రోడ్డు దాటేటప్పుడు చేయి పట్టుకోవడంలో బేరం లేదు. ఏ చొక్కా వేసుకోవాలన్నది వాడికి వదిలేయొచ్చు. రెండు చొక్కాలు చూపించి ఏది కావాలో అడిగితే వాడి ఇష్టం నెగ్గుతుంది, మీ హద్దూ నిలుస్తుంది. బొత్తాలు పెట్టుకోవడానికి వాడికి పట్టే పది నిమిషాలు ఇవ్వండి. ఆలస్యమవుతోందని రోజూ మనమే పెట్టేస్తే, నాకు చేతకాదన్న సందేహాన్ని మనమే నాటిన వాళ్లమవుతాం.

పక్క తడిపినప్పుడల్లా తిట్టాం. ఇప్పుడు దాక్కుంటోంది. ఏం చేయాలి?

ముందు తిట్లు ఆపండి. నలుగురి ముందు ఆ సంగతి ఎత్తడం కూడా ఆపండి. ఆ వయసులో సిగ్గు అంటే అందరి కళ్లూ తన మీదే ఉన్నాయన్న భావన, కనబడకుండా పోవాలనిపించే బాధ. దాక్కోవడం దానికి గుర్తు. "తడిసింది, మారుద్దాం రా" అని మామూలు గొంతుతో అంటే చాలు. పగటి అలవాటు కుదిరాక కూడా రాత్రి తడపడం కొన్నేళ్లు ఉండొచ్చు. అది చాలావరకు శరీరం పక్వతకు రావలసిన సంగతి, పిల్ల ఇష్టానికి సంబంధించింది కాదు. తడపడం పూర్తిగా మానేశాక నెలల తర్వాత మళ్లీ మొదలైతే పిల్లల డాక్టరుకు చూపించండి.

## మూడు నుంచి ఆరేళ్లు

నాలుగేళ్ల పాప ఏదైనా చిన్న తప్పు జరిగితే "నావల్లే" అని ఏడుస్తోంది. ఇంత చిన్న వయసులో అపరాధ భావమా?

అవును, ఈ వయసులోనే మొదలవుతుంది. ఆటలో రాజు తనే, డాక్టరు తనే, అమ్మా తనే. ఏదైనా మొదలుపెట్టగలనన్న ఉత్సాహంతో పాటు, దాని ఫలితానికీ తనే కారణమన్న ఊహ వస్తుంది. ఆ ఊహకు హద్దు తెలియదు. అమ్మానాన్న పోట్లాడుకున్నా, ఇంట్లో ఎవరికో జబ్బు చేసినా తన కోపం వల్లే జరిగిందనుకునే పిల్లలున్నారు. అందుకే వివరంగా చెప్పాలి: "మేం గట్టిగా మాట్లాడుకున్నది డబ్బు గురించి, నీవల్ల కాదు." పాప నిజంగా ఏదైనా పగలగొడితే, ముక్కలు తీయడంలో సాయం చేయించండి. సరిదిద్దే దారి చూపిస్తే అపరాధ భావం బాధ్యతగా మారుతుంది. దారి లేకుండా "ఎంత చెడ్డపిల్లవి" అని వదిలేస్తే, ఏదీ మొదలుపెట్టకపోవడమే క్షేమమని నేర్చుకుంటుంది.

రోజంతా "ఎందుకు" అని ప్రశ్నలే. అన్నిటికీ జవాబివ్వాలా?

అక్కర్లేదు. అడగడం తప్పు కాదని తెలిస్తే చాలు. అలసిపోతే "ఇప్పుడు ఓపిక లేదు, రేపు చెబుతాను" అనండి. రేపు గుర్తుంచుకుని చెప్పండి.

## ఆరు నుంచి పన్నెండేళ్లు

మా అబ్బాయి చదువులో వెనకబడ్డాడు. "నేను మొద్దుని" అంటున్నాడు.

ఈ వయసులో పిల్లలు తమ చేతిపనిని పక్కవాడి పనితో పోల్చుకోవడం మొదలుపెడతారు. బడిలో ఆ పోలిక రోజూ జరుగుతుంది, అంకెల్లో జరుగుతుంది. న్యూనత పుట్టేది ఇక్కడే.

మొదట కారణం వెతకండి. చూపు, వినికిడి పరీక్ష చేయించండి. మాటల్లో చురుగ్గా ఉండి చదవడంలోనో, లెక్కల్లోనో మాత్రమే తడబడుతుంటే డిస్‌లెక్సియా వంటి అభ్యసన వైకల్యం ఉందేమో నిపుణుల చేత చూపించండి. ఇలాంటి పిల్లలను ఏళ్ల తరబడి బద్ధకస్తులని ముద్ర వేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం. వాళ్లు మిగతావాళ్లకంటే రెట్టింపు కష్టపడుతూ ఆ మాట పడతారు.

తర్వాత, వాడు నిజంగా బాగా చేసే పని ఒకటి దొరకనివ్వండి. బొమ్మలు గీయడమో, సైకిలు బాగుచేయడమో, ఈతో, ఏదైనా సరే. సామర్థ్యమన్నది మార్కులకే పరిమితమని ఎరిక్సన్ ఎక్కడా అనలేదు. ఒక పనిని పట్టుదలగా చేసి పూర్తిచేసిన తృప్తి కావాలి. అది ఒకచోట రుచి చూసిన పిల్లాడు రెండోచోట ప్రయత్నించడానికి జంకడు.

మరి ఎక్కువ పొగిడితే ఆత్మవిశ్వాసం పెరుగుతుందా?

దేన్ని పొగుడుతున్నామన్నది ముఖ్యం. క్లాడియా మ్యుల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివైనవాడివని మెచ్చుకున్న పిల్లలు తర్వాత సులువైన పనుల వైపు మొగ్గారు, ఓటమి ఎదురైతే త్వరగా నీరసించారు. బాగా కష్టపడ్డావని మెచ్చుకున్న పిల్లలు కష్టమైనవాటికి సిద్ధపడ్డారు. ఊరికే చేసిన పొగడ్తను పిల్లలు ఇట్టే పసిగడతారు. "ఈ లెక్కకు రెండో పద్ధతి నువ్వే కనిపెట్టావు" లాంటి మాట నిలుస్తుంది.

## కౌమారం, ఆ తర్వాతి కొన్నేళ్లు

మా అమ్మాయి ఆర్నెల్లకోసారి మారిపోతోంది: స్నేహితులు, జుట్టు, అభిప్రాయాలు అన్నీ. కంగారు పడాలా?

చాలావరకు అక్కర్లేదు. ఒళ్లు మారింది, ఆలోచనకు పదును వచ్చింది, ఇంటి నుంచి వచ్చిన విలువల్లో తనకు సరిపోయేవి ఏవని తేల్చుకుంటోంది. వేసి చూడడం, తీసేయడం ఆ తేల్చుకోవడంలో భాగం. ఎరిక్సన్‌కు ఇది సొంత అనుభవం కూడా. కన్నతండ్రి ఎవరో ఆయనకు ఎన్నడూ తెలియలేదు, పెంపుడు తండ్రి ఇంటిపేరుతో పెరిగారు. యువకుడిగా చిత్రకారుడినవ్వాలని ఐరోపాలో కొన్నేళ్లు తిరిగి, పాతికేళ్ల వయసులో వియన్నాలో పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో కుదురుకున్నారు. ఎరిక్సన్ అన్న పేరు అమెరికా వెళ్లాక తనంతట తాను పెట్టుకున్నదే.

కంగారు పడవలసిన గుర్తులు వేరు: నిద్ర, తిండి బాగా దెబ్బతినడం, అందరి నుంచీ తెగిపోవడం, తనను తాను గాయపరచుకోవడం, చచ్చిపోవాలని ఉందనడం. ఇవి కనిపిస్తే వయసు ప్రభావమని సరిపెట్టుకోకుండా ఆలస్యం లేకుండా నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి.

అమ్మానాన్న చెప్పిన కోర్సే చదివాను, ఉద్యోగమూ బాగుంది. అయినా ఇది నా జీవితం కాదేమో అనిపిస్తోంది. ఎందుకు?

1966లో జేమ్స్ మార్షియా ఎరిక్సన్ ఆలోచనను పరిశోధనకు వీలుగా నాలుగు స్థితులుగా విడదీశారు. వెతకలేదు, దేనికీ కట్టుబడలేదు. వెతక్కుండానే కట్టుబడ్డారు. వెతుకుతున్నారు, ఇంకా కట్టుబడలేదు. వెతికి కట్టుబడ్డారు. మీరు చెబుతున్నది రెండోదానికి దగ్గరగా ఉంది. అది తప్పేమీ కాదు. ఇతరులు ఎంచిన దారిలో సంతోషంగా సాగేవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ వెతుకులాట మానేసినవాళ్లకు అది తర్వాత ఎప్పుడో మొదలవ్వొచ్చు, మీకు ఇప్పుడు మొదలైంది. వెంటనే ఉద్యోగం మానేయడమే దీనికి జవాబు కానక్కర్లేదు. సాయంత్రాలు ఇంకో పని ప్రయత్నించడం, ఆ రంగంలో ఉన్నవాళ్లతో మాట్లాడడం కూడా వెతుకులాటే. అంతా వెతికి చివరికి ఇదే నాది అని తేల్చుకున్నా, అప్పుడది మీ ఎంపిక అవుతుంది.

ఇరవై నాలుగేళ్లొచ్చాయి. ఏం చేయాలో ఇంకా తెలియదు. ఆలస్యమైపోయానా?

లేదు. చదువులు పొడవయ్యాయి, స్థిరమైన ఉద్యోగం, పెళ్లి వెనక్కి జరిగాయి. 2000లో జెఫ్రీ ఆర్నెట్ 18 నుంచి 25 ఏళ్ల మధ్య కాలాన్ని విడి దశగానే చూడాలని ప్రతిపాదించారు. గుర్తింపు వెతుకులాట ఇప్పుడు ఎక్కువగా సాగేది ఆ ఏళ్లలోనే అని ఆయన వాదన.

## యౌవనం

పెళ్లయింది కదా, సాన్నిహిత్యం దశ దాటేసినట్టేనా?

పెళ్లి కావడంతోనే సాన్నిహిత్యం వచ్చేయదు. నన్ను నేను పోగొట్టుకోకుండా ఇంకొకరికి దగ్గరవగలనా అన్నది ఈ దశ ప్రశ్న. భయాన్నీ, ఓటమినీ, అసూయనీ ఎదుటి మనిషికి చూపించి, వాళ్లు చూపించినవాటిని ఓర్చుకోగలగాలి. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి ఇది ఎరగని దంపతులున్నారు. పెళ్లి చేసుకోకుండా గాఢమైన స్నేహాల్లో దీన్ని నిండుగా పొందినవాళ్లూ ఉన్నారు. ఒంటరిగా ఉండడం వేరు, ఏకాకి కావడం వేరు.

ముందు గుర్తింపు కుదిరితేనే సాన్నిహిత్యం వస్తుందా? నా విషయంలో తిరగబడింది.

మీ ఒక్కరికే కాదు. 1982లో మనోవిజ్ఞాని కరోల్ గిల్లిగన్ ఈ వరస పురుషుల జీవితాన్ని కొలబద్దగా పెట్టుకున్నదని విమర్శించారు. చాలామంది స్త్రీలకు ‘నేనెవరు’ అన్నది బంధాల్లోంచే రూపుదిద్దుకుంటుంది, రెండూ కలిసే సాగుతాయని ఆమె అన్నారు. ఆ విమర్శ న్యాయమైనదని నేను నమ్ముతాను.

## నడివయసు

మాకు పిల్లలు లేరు. అంటే స్తబ్ధతేనా?

కాదు. పిల్లల్ని కనడం ఈ దశకు ఒక దారి మాత్రమే. తర్వాతి తరానికి పనికొచ్చేదేదైనా పెంచడం, నేర్పడం, కాపాడడం ఉత్పాదకతే: పాఠం చెప్పడం, కింది ఉద్యోగికి మెళకువలు అందించడం, చెట్లు నాటడం, ఒక సంస్థను నిలబెట్టడం. పిల్లలున్నా వాళ్ల ఎదుగుదల పట్టకపోతే అదే స్తబ్ధత.

ఎరిక్సన్ దీనికి గాంధీ జీవితాన్ని లోతుగా చదివారు. 1918 అహ్మదాబాద్ మిల్లు కార్మికుల సమ్మెను కేంద్రంగా పెట్టుకుని ఆయన గాంధీపై రాసిన పుస్తకం 1969లో వచ్చింది, దానికి పులిట్జర్ బహుమతి కూడా దక్కింది. సమ్మె నాటికి గాంధీకి 48 ఏళ్లు. తన ఇంటి హద్దులు దాటి వేలమంది బాగోగులు మోసిన నడివయసు మనిషిని ఎరిక్సన్ అక్కడ చూశారు. అదే గాంధీ సొంత కుటుంబం పట్ల ఎంత కఠినంగా ఉన్నారో కూడా దాచకుండా రాశారు. నలుగురికి పంచిన సంరక్షణ ఇంట్లోవాళ్లకు అందకపోవచ్చన్నది ఈ దశలో మరిచిపోకూడని సంగతి.

నలభై అయిదేళ్లు. అన్నీ ఉన్నాయి, లోపలంతా ఖాళీ. ఏమైనట్టు?

రెండు కారణాలు ఉండొచ్చు. నిద్ర, ఆకలి, ఇష్టాలు తగ్గి వారాల తరబడి దిగులుగా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, డాక్టరును కలవండి. అది కాకపోతే, ఇన్నాళ్లూ మీరు కూడబెట్టిందంతా మీదాకానే ఆగి ఉందేమో చూడండి. మీకు వచ్చిన పనిని ఒక్కరికి నేర్పడం మొదలుపెట్టడం మంచి ఆరంభం.

## వృద్ధాప్యం

నాన్నగారు చెప్పిన పాత కథలే చెబుతున్నారు. ఆపాలా, వినాలా?

వినండి. 1963లో మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్, వృద్ధులు గతాన్ని తలచుకోవడం మతిచెడినతనం కాదని, బతుకును తిరిగి చదువుకునే సహజమైన పని అని రాశారు. ఎరిక్సన్ చెప్పిన సమగ్రత కుదిరేది ఈ పనితోనే: జరిగిందాన్ని, తప్పులతో సహా, ఇది నా జీవితమే అని ఒప్పుకోగలగడం. ఒకే కథ పదేపదే వస్తోందంటే అందులో ఇంకా తేలని ముడి ఏదో ఉందేమో. "అప్పుడు మీకేమనిపించింది?" అని ఒక్క ప్రశ్న వేసి చూడండి. ఒక్కోసారి కథ కొత్త మలుపు తిరుగుతుంది. అయితే ఇందాక చెప్పిన సంగతే గుర్తులేకపోవడం, తెలిసిన దారి తప్పడం కనిపిస్తే మాత్రం మతిమరుపు జబ్బు కోసం పరీక్ష చేయించాలి.

తొమ్మిదో దశ కూడా ఉందంటున్నారు. ఎక్కడిది?

ఎరిక్సన్ 1994లో, 91 ఏళ్ల వయసులో మరణించారు. ఆయన భార్య జోన్ ఎరిక్సన్ ఈ ఆలోచనల్లో మొదటి నుంచీ భాగస్వామి. ఎనభై, తొంభైల్లోకి వచ్చాక తాము ముందు రాసింది సరిపోలేదని ఆమెకు అనిపించింది. ఆయన పాత పుస్తకానికి 1997లో చేర్చిన అధ్యాయంలో తొమ్మిదో దశ గురించి రాశారు. ఒళ్లు మాట వినని వయసులో పాత ప్రశ్నలన్నీ మళ్లీ వస్తాయని, ఈసారి కష్టమైన వైపే ముందు ఎదురవుతుందని ఆమె అన్నారు. లేవగలనా అని కాళ్లను నమ్మలేకపోవడం, స్నానానికి ఇంకొకరు కావలసినప్పటి సిగ్గు. పెద్దవాళ్లను చూసుకునేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. గ్లాసు తనే పట్టుకుంటానని ముసలాయన పట్టుబడితే, నీళ్లు కాస్త ఒలికినా ఆయన్నే పట్టుకోనివ్వండి.

## సిద్ధాంతం మీద అనుమానాలు

దీనికి ఆధారాలున్నాయా, లేక మంచి ఆలోచన మాత్రమేనా?

ఎరిక్సన్ ప్రయోగశాల మనిషి కాదు. ఆయన చికిత్స అనుభవం నుంచి, జీవిత చరిత్రల నుంచి రాశారు. కొలవడం తర్వాతివాళ్లు మొదలుపెట్టారు. 1938లో మొదలై దశాబ్దాలపాటు అవే మనుషులను అనుసరించిన హార్వర్డ్ అధ్యయనంలో, నడివయసులో ఈ దశల్లో ముందంజలో ఉన్నవాళ్లు ముసలితనంలో తక్కువ దిగులుతో, మెరుగైన ఆలోచనాశక్తితో ఉన్నారని కనిపించింది. అయితే అందులో మొదట చేరినవాళ్లంతా మగవాళ్లే, అందరూ ఒకే దేశంవాళ్లే. దశలు అన్ని సమాజాల్లో ఇదే వరసలో, ఇవే వయసుల్లో వస్తాయనడానికి గట్టి రుజువు లేదు.

నా చిన్నతనం బాగా లేదు. ఇప్పుడు పూడ్చుకోగలనా?

చాలావరకు, అవును. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల పసిపిల్లలపై 2000 ప్రాంతంలో మొదలైన అధ్యయనం రెండు మాటలూ చెప్పింది. ఆప్యాయత కరువైన తొలి ఏళ్లు లోతుగా దెబ్బతీస్తాయి. కుటుంబాల్లోకి మారిన పిల్లలు కోలుకుంటారు, ముఖ్యంగా రెండేళ్ల లోపు మారినవాళ్లు. అంటే తొందరగా జరిగితే మేలు ఎక్కువ. పెద్దయ్యాక కూడా మాట నిలబెట్టుకునే ఒక స్నేహితుడు, ఓపికున్న జీవిత భాగస్వామి, మంచి గురువు, చికిత్సకుడు నమ్మకాన్ని మళ్లీ నేర్పగలరు. అది నెమ్మదిగా జరుగుతుంది. ఎదుటివాళ్లను పదేపదే పరీక్షించాలనిపిస్తుంది. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి, ఇద్దరికీ కొంత తేలికవుతుంది.